హైడన్ కన్సర్టో వాయించాలంటే ఏ శ్రుతి, ఏ ట్రంపెట్?

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో నాకు తెలిసిన ట్రంపెట్ వాళ్లలో చాలామంది పెళ్లి బ్యాండులోనో, చర్చిలోనో నేర్చుకున్నవాళ్లే. చేతిలో ఉండేది బి-ఫ్లాట్ ట్రంపెట్. స్వరకర్త హైడన్ ట్రంపెట్ కన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక్క ట్రంపెట్ సోలోగా వాయించే కృతి) మొదలుపెట్టగానే అందరూ అడిగేది ఒకటే: "అన్నా, దీనికి ఇ-ఫ్లాట్ ట్రంపెట్ కొనాల్నా?" తొందరపడి డబ్బు పెట్టకండి. ముందు శ్రుతి తేల్చుకోవాలి, వాయిద్యం సంగతి ఆ తర్వాత.

అసలు శ్రుతి ఎక్కడ చూడాలి?

పియానో కాగితంలో చూడండి, ట్రంపెట్ కాగితంలో కాదు. బి-ఫ్లాట్ ట్రంపెట్ కోసం అచ్చేసిన హైడన్ ఎఫ్ మేజర్‌లో కనిపిస్తుంది. ఆ ట్రంపెట్ రాసినదానికన్నా ఒక పూర్తి స్వరం కింద పలుకుతుంది కాబట్టి వినిపించేది మాత్రం ఇ-ఫ్లాట్ మేజర్. హార్మోనియం లెక్కలో చెప్పాలంటే రెండున్నర శ్రుతి.

ఆ శ్రుతికి ఒక కారణం ఉంది. హైడన్ దీన్ని 1796లో వియన్నా వాద్యకారుడు ఆంటన్ వైడింగర్ కోసం రాశాడు. అప్పటికి ట్రంపెట్‌కు వాల్వులు (ఇప్పుడు మనం వేళ్లతో నొక్కేవి) లేవు. మామూలు ట్రంపెట్‌లో కింది స్థాయి స్వరాలు దూరదూరంగా మాత్రమే పలికేవి. వైడింగర్ ట్రంపెట్‌కు గొట్టం పక్కన రంధ్రాలు, వాటిని మూసే మీటలు ఉండేవి. అందుకే సోలో మొదలవగానే హైడన్ స, రి, గ అని పక్కపక్క స్వరాలు ఎక్కిస్తాడు. ఈ రోజు మనకు మామూలుగా వినిపించే ఆ మూడు స్వరాలు అప్పటి శ్రోతలకు ఎంత కొత్తగా ఉండి ఉంటాయో ఊహించండి! పై స్వరాలు కష్టమని శ్రుతి దించి వాయిస్తే ఆ మెరుపు పోతుంది, అచ్చు పియానో భాగమూ పనికిరాదు.

హుమ్మెల్ అనే మరో స్వరకర్త ట్రంపెట్ కన్సర్టో దగ్గర ఇంకా జాగ్రత్త పడాలి. 1803లో ఆయన రాసింది ఇ మేజర్‌లో, అంటే మూడు శ్రుతిలో. వేళ్లకు సులువని దాన్ని ఇ-ఫ్లాట్‌కు దించిన ముద్రణలు కూడా చాలా ఉన్నాయి. ఒక క్రిస్మస్ కార్యక్రమానికి నేను దించిన కాగితం తెచ్చుకున్నాను, కీబోర్డ్ వాయించే అక్క అసలుది తెచ్చింది. మొదటి స్వరానికే ఇద్దరం ఆగిపోయాం. అప్పటి నుంచి రిహార్సల్‌కు ముందే రెండు కాగితాల మొదటి పేజీలు ఫోటో తీసి పోల్చుకుంటున్నాం.

ఏ ట్రంపెట్‌కు ఏ లెక్క?

బి-ఫ్లాట్ ట్రంపెట్‌కు వినిపించాల్సిన దానికన్నా ఒక పూర్తి స్వరం పైకి రాసుకోవాలి. సి ట్రంపెట్‌కు ఉన్నదున్నట్టే. ఇ-ఫ్లాట్ ట్రంపెట్‌కు ఒకటిన్నర స్వరం కిందికి. కాబట్టి హైడన్ బి-ఫ్లాట్ మీద ఎఫ్ మేజర్, ఇ-ఫ్లాట్ మీద సి మేజర్ అవుతుంది. రెండూ వేళ్లకు హాయి. హుమ్మెల్‌ను అసలు శ్రుతిలో బి-ఫ్లాట్ మీద వాయిస్తే ఆరు షార్పులు (స్వరాన్ని అర స్వరం పెంచే గుర్తులు) వస్తాయి. సి ట్రంపెట్ మీద నాలుగే.

మరి ఇ-ఫ్లాట్ ఎందుకు వాడతారు?

దాంతో పై స్వరాలు ఊరికే వచ్చేస్తాయని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. అదే ఎత్తు పలకాలంటే పెదవులు అంతే వేగంగా అదరాలి. తేడా గురిలో ఉంది. గొట్టం పొట్టిదైనప్పుడు అదే ఎత్తులో, అదే వేళ్ల మీద పలికే స్వరాల మధ్య ఎడం ఎక్కువ. బి-ఫ్లాట్ మీద పక్క స్వరంలోకి జారిపోయే చోట ఇ-ఫ్లాట్ మీద నిలబడతాం. నాదం కూడా తేలికగా, వెలుగుగా ఉంటుంది. అయితే కొన్ని స్వరాలు శ్రుతి తప్పుతాయి, చెవికి వారాల సాధన కావాలి.

నా సలహా: మొదటిసారి హైడన్ నేర్చుకునేవాళ్లు ఉన్న బి-ఫ్లాట్‌తోనే నేర్చుకోండి. ఫోన్‌లో ట్యూనర్ పెట్టి ఎఫ్ మేజర్ స్కేలు మెల్లగా వాయించి, ఏ స్వరం ఎంత తప్పుతోందో రాసుకోండి. మూడు భాగాలూ పెదవి అలిసిపోకుండా వాయించగలిగాక, ఎవరి దగ్గరైనా ఇ-ఫ్లాట్ అడిగి నెల రోజులు వాడి చూడండి. అప్పుడు కొనాలో వద్దో మీకే తెలుస్తుంది. హైడన్‌కు చాలా ముద్రణల్లో రెండు ట్రంపెట్లకూ విడి కాగితాలు కలిపే ఇస్తారు, కొనేముందు చూసుకోండి. లియోపోల్డ్ మోజార్ట్ డి మేజర్ కన్సర్టో జోలికి ఇప్పుడే వద్దు, దానికి పికొలో ట్రంపెట్ (ఇంకా చిన్న ట్రంపెట్) కావాలి.

కీబోర్డ్‌తో కలిసేటప్పుడు

పాటలకు వాడిన కీబోర్డ్‌లో ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే సెట్టింగ్) ఎక్కడో ఆగి ఉంటుంది. సున్నాకు తెచ్చి, ట్యూనింగ్ 440 (ఎ స్వరానికి 440 హెర్ట్జ్) ఉందో లేదో చూడమనండి. తర్వాత బి-ఫ్లాట్ స్వరం ఇమ్మని అడగండి. మన మే నెల ఎండకు ట్రంపెట్ శ్రుతి పైకి పోతుంది కాబట్టి ట్యూనింగ్ స్లైడ్ (శ్రుతి సరిచేయడానికి బయటికి జరిపే గొట్టం) కొంచెం లాగాలి. ఇ-ఫ్లాట్ గొట్టం పొట్టిది, అదే లాగుడుకు శ్రుతి ఎక్కువ దిగుతుంది, చూసి లాగండి.

హైడన్ మొదటి భాగంలో సోలో రాకముందు ఆర్కెస్ట్రా చాలాసేపు వాయిస్తుంది. పియానోతో అయితే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ముందే గుర్తు పెట్టుకోండి. ఏసీ హాల్లో ఆ కాస్త సేపట్లోనే ట్రంపెట్ చల్లబడి శ్రుతి దిగుతుంది. మీ వంతు వచ్చేదాకా చప్పుడు లేకుండా లోపలికి వెచ్చటి ఊపిరి ఊదుతూ ఉండండి.