మొద్దుబారిన డ్రిల్ బిట్‌కు ఇంట్లోనే సాన పట్టడం ఎలా?

బిట్ మొద్దుబారితే అదే చెబుతుంది. కీచుమని అరుస్తుంది. చుట్టలుగా రావాల్సిన ఇనప పొట్టు పొడిపొడిగా రాలుతుంది. మిషన్ మీద ఒళ్లంతా వేసి నొక్కితే గానీ దిగదు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అక్కడే ఆపి బిట్ తీసేయండి. ఇంకో రెండు రంధ్రాలు లాగించేద్దామని నొక్కితే అంచుల బయటి మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. అర ఎంఎం అరగదీస్తే బాగయ్యే బిట్‌కు అప్పుడు మూడు నాలుగు ఎంఎం తీయాల్సి వస్తుంది.

ఇక్కడ చెప్పేది ఇనుముకు వాడే హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్ల గురించి. గోడలకు, బండలకు వాడే, మొనకు కార్బైడ్ అనే చాలా గట్టి ముక్క అతికిన బిట్ల సంగతి చివర్లో ఉంది. రెండింటినీ ఒకే రాయి మీద పెట్టొద్దు. 4 ఎంఎం కంటే సన్నవాటికి సాన పట్టొద్దు, కొత్తవి కొనుక్కోండి. అంత చిన్న మొన కంటికి ఆనదు, రెండు అంచులు సమానంగా రావు.

ఏది కొనాలి?

బిట్లకు సాన పట్టే సాధనాలు నాలుగు రకాలు దొరుకుతాయి. డ్రిల్ మిషన్‌కే తగిలించుకునే చిన్న ప్లాస్టిక్ డబ్బా మొదటిది. అది కొనొద్దు. దాని లోపలి రాయి చిన్నది, త్వరగా అరిగిపోతుంది, బిట్ దాని రంధ్రంలో ఊగుతుంది. రెండోది కరెంటు ప్లగ్గుకు పెట్టే పెట్టె. సైజుకో రంధ్రం ఉంటుంది, 118 డిగ్రీల మొన కోణం కంపెనీ వాళ్లే బిగించి ఇస్తారు. చెక్కకు, పల్చని ఇనుముకు వాడే బిట్లయితే పనికొస్తుంది. అయితే మొదటి అంచును ఎన్ని సెకన్లు పెడతారో రెండో అంచునూ అన్నే సెకన్లు పెట్టాలి. చాలామంది ఒకవైపు గట్టిగా నొక్కి, రెండో వైపు తేలిగ్గా తాకించి, మిషన్ బాగాలేదంటారు.

మూడోది బెంచ్ గ్రైండర్ (బల్ల మీద బిగించే సాన మిషన్) పక్కన బోల్టులతో బిగించే వి-గాడి జిగ్, అంటే బిట్‌ను సరైన కోణంలో పట్టి ఉంచే సాధనం. నాలుగోది సైజుల వారీగా బిట్‌ను బిగించే కాలెట్లు, డైమండ్ లేదా సీబీఎన్ (వజ్రంలా గట్టిగా ఉండే పదార్థం) చక్రం ఉన్న మిషన్. 3 నుంచి 13 ఎంఎం దాకా 118, 135 డిగ్రీలు రెండూ తీస్తుంది. పని చక్కగా చేస్తుంది గానీ వారానికి ఇరవై ముప్పై బిట్లు అరగదీసే ఫ్యాబ్రికేషన్ షాపుకు తగిన సరుకు అది.

మన దగ్గర ఇంటి షెడ్డులో ఉండే పనేమిటి? గేటుకు గడియ, ట్రాలీ పలకకు బోల్టు, బోరు మోటారు స్టార్టర్‌కు స్టాండు, డ్రిప్ ఫిల్టరుకు యాంగిల్ ఫ్రేము. 6 నుంచి 12 ఎంఎం బిట్లే ఎక్కువగా అరుగుతాయి. దీనికి 6 అంగుళాల బెంచ్ గ్రైండర్ కొనండి. కొడవలికి, ఉలికి, గడ్డపారకు కూడా అదే పనికొస్తుంది. దాంతో వచ్చే బూడిద రంగు రాళ్లలో ఒకటి తీసేసి తెల్లని అల్యూమినియం ఆక్సైడ్ రాయి, 80 గ్రిట్‌ది (గ్రిట్ అంటే గరుకుదనం నంబరు) వేయండి. బూడిద రాయి గరుకు, హెచ్ఎస్ఎస్‌ను కోయడం కన్నా కాల్చడమే ఎక్కువ.

జిగ్ కొన్నా కింద చెప్పే చేతిపని ఒకసారి నేర్చుకోవాలి. బిట్ మొన ఆకారం తెలియనివాళ్లు జిగ్‌లో బిట్‌ను తప్పుగా బిగించి, తప్పు మొననే నున్నగా తీస్తారు. ఈ జిగ్‌లలో చాలావరకు రాయి పక్క ముఖం మీద అరగదీస్తాయి. మామూలు రాయి పక్కనుంచి ఒత్తిడి తట్టుకునేలా చేసింది కాదు. జిగ్‌ను 59 డిగ్రీల (118లో సగం) గీత దగ్గర బిగించి, తాకీ తాకనట్టు ఆనించాలి తప్ప నొక్కకూడదు.

గ్రైండర్ సిద్ధం

కొత్త రాయిని బిగించే ముందు వేలికి తగిలించుకుని స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. గణగణమంటే మంచిది. మొద్దుగా మోగితే పగులు ఉన్నట్టు, పారేయండి. రాయికి రెండు వైపులా కాగితం వాషర్లు ఉండాల్సిందే. బిగించాక పక్కకు నిలబడి ఒక నిమిషం ఉత్తినే తిప్పండి. చేతిని ఆనించే రెస్టుకూ రాయికీ మధ్య ఖాళీ 3 ఎంఎం దాటకూడదు. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి. చేతి గ్లౌజులు వద్దు, మెడలో తువ్వాలు అసలే వద్దు. రాయి ముఖం గుంటలు పడి ఉంటే డ్రెస్సర్‌తో (రాయి ముఖాన్ని చెక్కే పనిముట్టు) చదును చేశాకే బిట్ పట్టండి, గుంటలు పడ్డ రాయి మీద నేరుగా ఉండే అంచు రాదు. సాయంత్రం ఓల్టేజీ పడిపోయి గ్రైండర్ ఈడుస్తుంటే ఆ పని పొద్దునకు వాయిదా వేయండి.

మొనలో ఏమేముంది?

కొత్త 10 ఎంఎం బిట్ ఒకటి పక్కన పెట్టుకుని మొనను కంటికెదురుగా పట్టి చూడండి. రెండు కోత అంచులు, వాటిని కలిపే చిన్న అడ్డగీత, ప్రతి అంచు వెనకా కిందికి వాలే మడమ కనిపిస్తాయి. ఒక్కో అంచు బిట్ నడిరేఖతో 59 డిగ్రీలు చేస్తుంది, రెండూ కలిసి 118. స్టెయిన్‌లెస్ స్టీలుకు, గట్టి ఉక్కుకు 135 డిగ్రీల బిట్లు వస్తాయి, వాటిని అదే కోణంలో ఉంచండి. అంచు వెనక మడమ 8 నుంచి 12 డిగ్రీలు కిందికి వాలి ఉండాలి. ఆ వాలే అసలు సంగతి.

అసలు కష్టం: అంచు వెనక వాలు

118 డిగ్రీల కోణం ఎవరైనా రెండు రోజుల్లో పట్టేస్తారు. సాన పట్టిన బిట్ పనిచేయకపోవడానికి నూటికి తొంభై సార్లు కారణం ఈ వాలు లేకపోవడమే. మడమ అంచుతో సమానంగా ఉన్నా, దానికంటే ఎత్తుగా ఉన్నా ఇనుమును ముందు తాకేది మడమే. అంచు ఎంత పదునుగా ఉన్నా ఇనుమును అందుకోదు. బిట్ తిరుగుతూ రాసుకుంటుంది, వేడెక్కుతుంది, కొయ్యదు. పదును చాల్లేదనుకుని మళ్లీ రాయికి పెడతారు, మళ్లీ అదే తప్పు. వాలు మరీ ఎక్కువైతే ఇంకో తంటా. అంచు వెనక దన్ను ఉండదు, గట్టి ఇనుములో పెచ్చులు ఊడుతుంది, పల్చని రేకును పట్టి లాగేస్తుంది.

ముందు మార్కర్ పెన్నుతో అంచు వెనక భాగమంతా నల్లగా పూయండి. కుడి చూపుడు వేలిని రెస్టు మీద ఆనించి, మొనకు ఒక అంగుళం వెనక బిట్‌ను ఆ వేలి మీద పెట్టి బొటనవేలితో పట్టండి. ఎడమ చేత్తో కాడ, అంటే మిషన్‌లో బిగించే వెనక భాగం, పట్టండి. కాడను ఎడమ పక్కకు జరిపితే బిట్‌కూ రాయి ముఖానికీ మధ్య 59 డిగ్రీలు రావాలి. రెస్టు మీద ఆ కోణంలో ఒక గీత గీసి ఉంచండి, కళ్ల అంచనాను నమ్మొద్దు. ఎడమవైపు అంచు పైకి చూస్తూ, నేలకు సమాంతరంగా, రాయి ముఖానికి సమంగా ఉండాలి. గ్రైండర్ ఆపి ఉన్నప్పుడే ఈ పట్టును పదిసార్లు చేసి చూసుకోండి.

ఇప్పుడు గ్రైండర్ వేసి అంచును రాయికి ఆనించండి. ఆనిన వెంటనే ఎడమ చేతిలోని కాడను మెల్లగా కిందికి దించండి. కుడి చూపుడు వేలు కదలకూడదు, అది ఇరుసు. కాడ దిగేకొద్దీ మొన పైకి లేస్తుంది, అంచు దాటి మడమ వైపు ఎక్కువ అరుగుతుంది. వాలు వచ్చేది ఇలాగే. కాడను దించుతూనే కాడ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో కొద్దిగా, మహా అయితే ఎనిమిదో వంతు చుట్టు తిప్పండి. ఎక్కువ తిప్పితే రెండో అంచు వచ్చి రాయికి తగిలి చెడుతుంది. 6 ఎంఎం, అంతకంటే చిన్న బిట్లకు తిప్పడమే వద్దు, దించితే చాలు.

కాడను ఎప్పుడూ పైకి లేపొద్దు. కాడ పైకి లేచిన ప్రతిసారీ అంచు అరిగి మడమ మిగులుతుంది. వెనక్కి తెచ్చేటప్పుడు కూడా రాయి నుంచి దూరం జరిపి తెండి, ఆనించి తేవొద్దు. కొందరు కత్తికి సాన పట్టినట్టు పైకీ కిందికీ ఊపుతారు. అలా ఊపిన బిట్ మొన గోళీకాయలా గుండ్రంగా తయారవుతుంది.

ఒక అంచుకు మూడు సార్లు. తర్వాత కాళ్లు, భుజాలు, వేలు కదపకుండా బిట్‌ను అరచుట్టు తిప్పి రెండో అంచుకు మూడు సార్లు. మార్కర్ రంగు చూడండి. మడమ దగ్గర రంగు పోయి అంచు దగ్గర మిగిలి ఉంటే వాలు వస్తోంది, ఇంకో రెండు సార్లు తీస్తే అంచుకు చేరుతుంది. అంచు దగ్గర పోయి మడమ దగ్గర నల్లగానే ఉంటే కాడ దిగడం లేదని అర్థం.

బిట్ వేడెక్కితే నీళ్లలో ముంచొద్దు. పాత కార్బన్ స్టీల్ బిట్ నీలం తిరిగితే మెత్తబడిపోతుంది గనుక దాన్ని చల్లార్చుకుంటూ అరగదీయాలి. హెచ్ఎస్ఎస్ సుమారు 600 డిగ్రీల దాకా గట్టిదనం పోగొట్టుకోదు. కాలిపోతున్నదాన్ని ఒక్కసారిగా నీళ్లలో పెడితేనే అంచులో కంటికి కనపడని పగుళ్లు వస్తాయి, మూడో రంధ్రానికి పెచ్చు ఊడుతుంది. చేతికి చురుక్కుమనగానే మందపాటి ఇనుప పలక మీద పెట్టి వేరే బిట్ తీసుకోండి.

సరిగా వచ్చిందా?

ఒకే సైజు ఆరు పలకల నట్లు రెండు తీసుకుని పక్కపక్కన పెట్టి, ఒకదాని పలకకు ఇంకోదాని పలక ఆనించండి. వాటి మధ్య ఏర్పడే వి ఆకారం కచ్చితంగా 120 డిగ్రీలు. మొనను అందులో పెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. రెండు వైపులా వెలుతురు రాకపోతే కోణం సరిపోయినట్టే, రెండు డిగ్రీల తేడా పనికి అడ్డు రాదు. తర్వాత అంచుల పొడవును స్టీలు స్కేలుతో కొలవండి. పొడవుల్లో తేడా వచ్చి మొన నడిమధ్య నుంచి అర ఎంఎం పక్కకు జరిగితే 10 ఎంఎం బిట్ వేసే రంధ్రం 11కి చేరువవుతుంది. బోల్టు వదులైతే మిషన్‌నో చక్‌నో (బిట్‌ను పట్టే భాగం) తిట్టుకోకుండా ముందు దీన్ని చూడండి. అడ్డగీత అంచుతో 120 నుంచి 135 డిగ్రీలు వాలి ఉండాలి. అంతకన్నా నిటారుగా ఉంటే నడిమధ్యలో వాలు చాలలేదు.

6 ఎంఎం మందం ఇనుప పట్టీకి సెంటర్ పంచ్‌తో చిన్న గుంట కొట్టి, చుక్క నూనె వేసి రంధ్రం వేసి చూడండి. 10 ఎంఎం బిట్‌కు నిమిషానికి 800 చుట్లు, 6 ఎంఎం బిట్‌కు 1,300 చాలు. చేతి డ్రిల్‌ను ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి తిప్పితే ఎంత బాగా పట్టిన సానైనా నిలవదు. బిట్‌కున్న రెండు మెలి గాడుల్లోంచీ ఒకే మందం చుట్టలు వస్తే పని అయినట్టే. ఒక గాడిలోంచే వస్తుంటే ఆ వైపు అంచే కోస్తోంది, రెండో అంచు వెనకబడి ఉంది. అలాంటప్పుడు కోస్తున్న అంచునే రెండు సార్లు అరగదీయండి.

8 ఎంఎం పైబడ్డ బిట్లు చాలాసార్లు సాన పట్టి పొట్టిగా అయితే అడ్డగీత వెడల్పవుతుంది, ఎంత నొక్కినా మొన దిగదు. బిట్ లోపలి వెన్ను కాడ వైపుకు వెళ్లేకొద్దీ మందంగా ఉండటమే దీనికి కారణం. రాయి మూలతో అడ్డగీతను రెండు వైపుల నుంచీ సమానంగా, కొత్త బిట్‌కు ఉన్నంత పొడవు మిగిలేలా సన్నబరచండి. కోత అంచుల మీదికి రాయి పోనివ్వొద్దు.

బండలకు వాడే బిట్లు

కడప బండతో అల్మారా అరలు వేసిన ఇంట్లో, బేతంచెర్ల బండ పరిచిన వరండాలో రంధ్రం వేయడానికి హెచ్ఎస్ఎస్ బిట్ పెట్టొద్దు. అది సున్నపురాయి, ఒక్క రంధ్రానికే అంచు మొత్తం పోతుంది. కార్బైడ్ మొన బిట్ వాడండి. మిషన్‌లో హ్యామర్ మీట ఆపేసి, బండ కింద చెక్క ఆనించి, చుక్కచుక్క నీళ్లు వేస్తూ నిదానంగా దించండి. హ్యామర్ వేస్తే బండ అవతలి ముఖం పెచ్చులుగా లేస్తుంది.

ఈ బిట్లకు పచ్చ రంగు సిలికాన్ కార్బైడ్ రాయి గానీ, డైమండ్ చక్రం గానీ ఉండాలి. తెల్ల రాయి మీద పెడితే రాయి అరుగుతుంది తప్ప కార్బైడ్ అరగదు. ముక్కుకు మాస్కు కట్టుకోండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఉన్న కోణాన్నే అనుసరించి పై ముఖాలు మాత్రం అరగదీయండి, పక్కలు ముట్టుకోవద్దు. పక్కలు అరిగితే బిట్ సైజు తగ్గి రంధ్రంలో ఇరుక్కుంటుంది. ఈ బిట్‌నూ వేడి మీద నీళ్లలో ముంచొద్దు, అతికిన కార్బైడ్ ముక్క పగులుతుంది. కార్బైడ్ ముక్క అరిగి ఉక్కు కాడతో సమానమైపోతే ఇక సాన పట్టడానికి అందులో ఏమీ లేదు, కొత్తది తెచ్చుకోండి.