క్రూజ్ గదిలో తడి బట్టలకు అయస్కాంతం కొక్కేలు

మొదటిసారి క్రూజ్ ఎక్కేవాళ్లకు ఎదురయ్యే చిన్న చిరాకు: గదిలో తడి బట్టలు ఆరేయడానికి చోటుండదు. బాత్రూమ్ మరీ ఇరుకు. బాల్కనీలో వేస్తే సముద్రపు గాలికి ఎగిరిపోతాయి, చాలా ఓడల్లో అక్కడ ఆరేయనివ్వరు కూడా.

సింగపూర్ నుంచి 3 రాత్రుల క్రూజ్‌కి వెళ్లినప్పుడు ఈ ఉపాయం తెలిసింది. గది గోడలు చాలావరకు ఉక్కు రేకువే. అందుకే అయస్కాంతం ఉన్న కొక్కేలు టక్కున అతుక్కుంటాయి. నలుగురికి 6 సరిపోయాయి. స్విమ్మింగ్ పూల్ నుంచి రాగానే బట్టలను పొడి టవల్‌లో చుట్టి గట్టిగా పిండి, హ్యాంగర్‌కు వేసి, ఏసీ గాలి తగిలే గోడకు తగిలించాం. పిల్లల స్విమ్మింగ్ డ్రస్సులు తెల్లారేసరికి ఆరిపోయాయి. అమ్మ కళ్లజోడు సంచి, టోపీలు, మరునాటి కార్యక్రమాల కాగితం కూడా గోడమీదే. పొద్దున్నే వెతుకులాట తప్పింది.

ప్యాకెట్ మీద రాసిన బరువు చూసి మోసపోకండి. అది అయస్కాంతాన్ని నేరుగా లాగితే ఆగే బరువు. నిలువు గోడమీద అంతకంటే చాలా తక్కువకే జారిపోతుంది. నీళ్లోడే జీన్స్ ప్యాంటు, బరువైన బ్యాగు అస్సలు వద్దు. గోడకు చెక్కో, గుడ్డో తొడిగిన చోట అయస్కాంతం పట్టదు. పైకప్పులో నిప్పు ఆర్పే స్ప్రింక్లర్‌కు మాత్రం ఏదీ తగిలించకండి. గది తాళం కార్డును కూడా కొక్కేలకు దూరంగా ఉంచండి, అయస్కాంతపు పట్టీ ఉన్న కార్డైతే పాడవుతుంది.