ఇంటి నుంచి గ్రాంట్ల పని: ఆగిపోయే చోట్లు, సరిచేసే దారులు

ఆఫీసు తార్నాకలో. ఫీల్డు వికారాబాద్‌లోనో ఉట్నూరులోనో. డబ్బిచ్చే డోనర్ ముంబైలోనో వాషింగ్టన్‌లోనో. ఆ డబ్బుకి లెక్కలు, రిపోర్టులు చూసే గ్రాంట్స్ ఆఫీసర్ నిజాంపేట ఫ్లాటులో ల్యాప్‌టాప్ ముందు. హైదరాబాద్‌లోని చాలా స్వచ్ఛంద సంస్థల్లో ఇప్పుడు పని ఇలాగే నడుస్తోంది. పని ఆగినప్పుడు అందరి చూపూ ముందు నెట్ మీదకే పోతుంది. కానీ ఎక్కువసార్లు అసలు కాగితమో, సంతకమో, ఓటీపీయో ఒకరి దగ్గర ఉంటుంది, దాంతో అవసరం ఇంకొకరికి పడుతుంది. కింద చెప్పిన ఏ సమస్యలోనైనా ముందుగా తేల్చుకోవాల్సింది అదే: ఇది ఎవరి చేతిలో ఉంది?

"మేం పంపింది 50,000 డాలర్లు. మీ ఖర్చు 50,692 ఎలా అయింది?"

ఇంటి నుంచి రిపోర్టు తయారుచేసేవారు బ్యాంకు కాగితాలు చూడకుండా బడ్జెట్ షీట్‌లోని మారకం రేటునే వాడేస్తే వచ్చే ప్రశ్న ఇది.

ఉదాహరణకు బడ్జెట్ డాలరుకు 83 రూపాయల లెక్కన వేశారనుకుందాం. డోనర్ 50,000 డాలర్లు పంపారు. మధ్యలోని బ్యాంకు 30 డాలర్లు కోసుకుంది. మిగిలిన 49,970 డాలర్లు 84.20 రేటుకి మారి 42,07,474 రూపాయలుగా ఖాతాలో పడ్డాయి. ఆ మొత్తం ఖర్చుపెట్టి, రిపోర్టులో మళ్లీ 83తో భాగిస్తే 50,692 డాలర్లు వస్తాయి. లెక్క తప్పలేదు, రేటు తప్పింది.

సరిచేయాలంటే, డబ్బు వచ్చిన ప్రతిసారీ అకౌంటెంట్ నుంచి మూడు తెప్పించుకోండి: విదేశీ డబ్బు ఎంత, ఏ రేటుకి వచ్చిందో చెబుతూ బ్యాంకు ఇచ్చిన కాగితం (ఇన్‌వర్డ్ రెమిటెన్స్ అడ్వైస్), ఆ రోజు బ్యాంకు స్టేట్‌మెంట్ పేజీ, డోనర్ బ్యాంకు డబ్బు పంపినట్టు చూపే స్విఫ్ట్ కాపీ. పంపిన మొత్తానికీ చేరిన మొత్తానికీ తేడా ఉంటే దాన్ని రేటులో కలిపేయకండి, బ్యాంకు చార్జీలుగా విడిగా చూపండి. తర్వాత ఒప్పందం తెరిచి ఏ రేటు వాడమన్నారో చూడండి. ఏమీ రాయకపోతే వెయిటెడ్ యావరేజ్ (వచ్చిన మొత్తం రూపాయలను మొత్తం డాలర్లతో భాగిస్తే వచ్చే రేటు) వాడతామని డోనర్‌కి మెయిల్ పెట్టి ఒప్పించుకోవడం మంచిది. మొదటి విడత 25,000 డాలర్లు 83.10కి, రెండో విడత 25,000 డాలర్లు 84.90కి వస్తే మొత్తం 42,00,000 రూపాయలు, సగటు రేటు సరిగ్గా 84.00. రెండు విడతల ఖర్చునీ ఆ రేటుతోనే మార్చాలి. రేటు పెరగడం వల్ల చేతికొచ్చిన అదనపు రూపాయలు కూడా ఆ గ్రాంటువే. వాటిని ఏ బడ్జెట్ లైనులో వాడాలో రాతపూర్వకంగా అడగకుండా ముట్టుకోకూడదు.

ఇదే కుటుంబానికి చెందిన ఇంకో తేడా: డోనర్ రిపోర్టు జనవరి–డిసెంబర్‌కి, విదేశీ విరాళాలపై మనం ప్రభుత్వానికిచ్చే వార్షిక రిటర్ను ఎఫ్‌సీ-4 ఏప్రిల్–మార్చికి. రెండూ ఎప్పటికీ ఒకే అంకె చూపవు, చూపాల్సిన అవసరమూ లేదు. కానీ ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి కనిపించాలి. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ టాలీలో ప్రాజెక్టుకొక కాస్ట్ సెంటర్ (ఖర్చులు విడిగా చూపే పద్దు), దాని కింద బడ్జెట్ లైనుకొకటి పెట్టించి, వోచర్ ఎంట్రీ రోజే ట్యాగ్ చేయిస్తే ఏ తేదీల మధ్య రిపోర్టు కావాలన్నా వస్తుంది. ఏడాది చివర ఇంట్లో కూర్చుని వోచర్ల కింది వివరణలు (నెరేషన్లు) చదివి ఊహించి ట్యాగ్ చేస్తే ఆడిటర్ ముందు నిలబడదు.

లబ్ధిదారుల జాబితాలో ఇంటి నంబర్లు తేదీలుగా మారాయి, డబ్బులు తిరిగొస్తున్నాయి

మన ఊరి ఇంటి నంబర్లు ఎక్సెల్‌కి అర్థం కావు. 6-3-12 అని కొడితే అది 2012 నాటి తేదీ అనుకుంటుంది. 1-8-22 అంటే 2022 ఆగస్టు 1. అదే 6-3-1216/5 లాంటి పొడుగు నంబరును అలాగే వదిలేస్తుంది. అందుకే జాబితాలో కొన్ని వరుసలే పాడై, పైపైన చూస్తే దొరకవు. ఖాతా నంబర్లది ఇంకో గొడవ. ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది. కొన్ని బ్యాంకుల ఖాతా నంబర్లు 16 అంకెలుంటాయి, ఆ పదహారో అంకె సున్నా అయిపోతుంది. ముందున్న సున్నాలు మాయమవుతాయి.

ఒకసారి మారాక సెల్‌ని 'టెక్స్ట్' చేసినా పాత నంబరు తిరిగి రాదు. కాబట్టి డేటా కొట్టకముందే ఆ కాలమ్స్ ఎంచుకుని ఫార్మాట్ సెల్స్‌లో టెక్స్ట్ పెట్టాలి. ఫీల్డు నుంచి సీఎస్‌వీ ఫైల్ వస్తే దాని మీద డబుల్ క్లిక్ చేయకండి. ఖాళీ షీట్ తెరిచి, డేటా మెనూలోంచి టెక్స్ట్ ఫైల్‌గా దిగుమతి చేసుకుంటూ ఇంటి నంబరు, ఖాతా నంబరు, ఫోన్ నంబరు కాలమ్స్‌ని టెక్స్ట్‌గా ఎంచుకోండి. ఇప్పటికే పాడైన జాబితాకి మందు ఒకటే: పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటోతో ఒక్కో వరుసా సరిచూడడం.

ఖాతా నంబరు సరిగ్గానే ఉన్నా డబ్బు తిరిగొస్తే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ చూడండి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. ఆంధ్రా బ్యాంక్ యూనియన్ బ్యాంక్‌లో, సిండికేట్ బ్యాంక్ కెనరా బ్యాంక్‌లో 2020 ఏప్రిల్ 1న కలిశాయి. ఊళ్లలో పాత పాస్‌బుక్కులు ఇంకా బీరువాల్లో భద్రంగా ఉన్నాయి, వాటి ఫొటోలే మనకి వస్తాయి. కోడ్ ఏఎన్‌డీబీ అనో ఎస్‌బీహెచ్‌వై అనో మొదలైతే అది పాతది, బ్యాంకు వెబ్‌సైట్‌లో కొత్తది వెతకాలి. ఐదో స్థానంలో ఎప్పుడూ సున్నాయే ఉంటుంది, ఇంగ్లీషు 'ఓ' కాదు. ఎక్కువ పేమెంట్లున్నప్పుడు ముందు ఒక్కొక్కరికి ఒక రూపాయి పంపి, ఖాతాదారు పేరు సరిచూసుకుని, తర్వాతే అసలు ఫైల్ ఎక్కించండి.

ఫీల్డు రిపోర్టు తెరిస్తే తెలుగుకి బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గజిబిజి కనిపిస్తే అది యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టింది. మీ సిస్టమ్‌లో ఆ ఫాంట్ లేదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తులు, అంకెలు దెబ్బతింటాయి, మార్చాక ఒకసారి చదవాల్సిందే. ఇకముందు ఫోన్‌లో జీబోర్డ్ తెలుగు కీబోర్డుతోనే కొట్టమని కోఆర్డినేటర్‌కి చెబితే ఈ బెడద పోతుంది.

డిజిటల్ సంతకం టోకెన్ ఆఫీసు సిస్టమ్‌కి పెట్టే ఉంది, ఇంటి నుంచి చూస్తే కనిపించట్లేదు

టోకెన్ అంటే ఆన్‌లైన్ ఫారాల మీద సంతకానికి సిస్టమ్‌కి గుచ్చే యూఎస్‌బీ పరికరం. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌తో కనెక్ట్ అయ్యారా? అయితే కారణం అదే. ఆ పద్ధతిలో విండోస్ అవతలి సిస్టమ్‌కి పెట్టిన స్మార్ట్‌కార్డు, టోకెన్లను చూపించదు, మీ దగ్గరున్న సిస్టమ్‌వే చూపిస్తుంది. టోకెన్ పాడవలేదు, డ్రైవర్ మళ్లీ వేసి లాభం లేదు. ఆఫీసు తెరనే నేరుగా చూపించే ఎనీడెస్క్ లాంటి దాంతో ఈ చిక్కు ఉండదు.

అయితే ఇక్కడ ఒక హద్దుంది. ఆ సంతకం సెక్రటరీదో ట్రస్టీదో. టోకెన్‌ని కొరియర్‌లో తెప్పించుకుని, పిన్ వాట్సాప్‌లో అడిగి మనమే నొక్కేయడం చాలాచోట్ల అలవాటుగా ఉంది, కానీ అది వాళ్ల చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించినట్టే. సరైన పద్ధతి: ఫారం అంతా మీరు నింపి, పీడీఎఫ్ వాళ్లకి పంపి, చదివారని మెయిల్‌లో సరే అనిపించుకుని, టోకెన్ ఉన్న సిస్టమ్ దగ్గర వాళ్లే కూర్చుని పిన్ కొట్టాలి. వరసగా తప్పు పిన్ కొడితే టోకెన్ లాక్ అవుతుంది. దాన్ని ఇనిషియలైజ్ చేస్తే లోపలి సర్టిఫికెట్ చెరిగిపోతుంది, మళ్లీ కొత్తది కొనాలి. సర్టిఫికెట్ గడువు తేదీని క్యాలెండర్‌లో నెల ముందే గుర్తుపెట్టండి. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధులు తీసుకోవడానికి నమోదు చేసుకునే సీఎస్‌ఆర్-1 ఫారానికైతే సంస్థ సంతకంతో పాటు ప్రాక్టీసులో ఉన్న సీఏ, కంపెనీ సెక్రటరీ (సీఎస్), లేదా కాస్ట్ అకౌంటెంట్ ధ్రువీకరణ కూడా కావాలి, వాళ్ల తీరిక కూడా ముందే అడగాలి.

గడువు జూన్ 15 అన్నారు, జూన్ 15 రాత్రి చూస్తే పోర్టల్ మూసేసి ఉంది

గడువు డోనర్ ఊరి గడియారం ప్రకారం ముగుస్తుంది. బ్రసెల్స్ టైమ్ సాయంత్రం 5 అంటే మనకి వేసవిలో రాత్రి 8:30, చలికాలంలో 9:30. లండన్ మధ్యాహ్నం 12 అంటే వేసవిలో సాయంత్రం 4:30, చలికాలంలో 5:30. అర్ధరాత్రి వరకూ ఉందిలే అనుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. అమెరికా ఈస్టర్న్ సాయంత్రం 5 మాత్రం మనకి మర్నాడు తెల్లవారుజామున 2:30, వాళ్ల చలికాలంలో 3:30. అమెరికాలో గడియారం మార్చి రెండో ఆదివారం ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుగుతుంది. యూరప్ మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాల్లో జరుపుతుంది. అంటే ఏటా కొన్ని వారాల పాటు ఒకచోట వేసవి లెక్క, ఇంకోచోట చలికాలం లెక్క నడుస్తుంది.

గూగుల్ క్యాలెండర్‌లో ఈవెంట్ పెట్టేటప్పుడు టైమ్ జోన్‌ని డోనర్ ఊరికి మార్చి పెట్టండి, మన సమయం అదే చూపిస్తుంది. సంస్థ లోపలి గడువు 48 గంటల ముందు.

పోర్టల్ చిరునామా సరిపోలట్లేదని తిప్పికొడుతోంది

2014 జూన్ 2కి ముందు రిజిస్టరైన సంస్థల్లో ఇది మామూలే. సొసైటీ సర్టిఫికెట్‌లో ఆంధ్రప్రదేశ్, పాన్‌లో ఇంకోలా, బ్యాంకులో తెలంగాణ. అమెరికా ప్రభుత్వ గ్రాంట్లకి ఆ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చేసుకునే నమోదు (శామ్ రిజిస్ట్రేషన్) కావాలి. విదేశీ సంస్థలకిచ్చే గుర్తింపు కోడ్ (ఎన్‌కేజ్) కూడా తీసుకుంటే రెండింట్లో పేరూ చిరునామా అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. ఇంటి నంబరులోని గీతలు, 'ప్లాట్ నం.' పూర్తిగా రాశారా కుదించారా అన్నది కూడా లెక్కే. ఒకే రూపం ఖాయం చేసి, ఒక ఫైల్‌లో పెట్టి, అందరూ అక్కడినుంచే కాపీ చేసుకోవాలి. శామ్ రిజిస్ట్రేషన్ ఏటా పునరుద్ధరించాలి, రెండు నెలల ముందే మొదలుపెట్టండి. ఆఫీసు నిజంగానే మారితే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద ఎఫ్‌సీ-6ఏ ఫారం 45 రోజుల్లో వేయాలి. ఇంటి నుంచి పనిచేస్తున్నామని ఆఫీసు ఖాళీ చేసిన సంస్థలు దీన్నే మర్చిపోతాయి.

వోచర్ స్కాన్లు వచ్చాయి, ఆడిటర్ ఒప్పుకోవట్లేదు

పెట్రోల్ బంకు, హోటల్ బిల్లులు థర్మల్ కాగితం మీద వస్తాయి, కొన్ని నెలల్లో తెల్లబడతాయి. అందిన రోజే జిరాక్స్ తీసి అసలు బిల్లుతో కలిపి పిన్ చేయమనండి. ఆటోకి బిల్లు రాదు. తేదీ, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎందుకు, ఎంత అని రాసి సంతకం పెట్టిన కాగితం చాలు, కానీ అది ఆ రోజే రాయాలి. 5,000 దాటిన నగదు రసీదుకి రూపాయి రెవెన్యూ స్టాంపు ఉండాలి. స్కాన్ 200 డీపీఐలో, వోచర్‌కొక పీడీఎఫ్. ఫైల్ పేరులో తేదీ, వోచర్ నంబరు, ప్రాజెక్టు కోడ్. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించుకుపోయి అంకెలు అలుక్కుపోతాయి, డాక్యుమెంటుగా పంపాలి. స్కాన్ అందింది కదా అని అసలు వోచర్లు ఫీల్డులో వదిలేయకూడదు. ప్రతి నెలా 10వ తేదీలోపు కట్ట కట్టి ఆఫీసుకి చేరాలి.

మార్చి 25న సీఎస్‌ఆర్ కంపెనీ ఫోన్: "మొత్తం డబ్బుకి యూసీ పంపండి"

యూసీ అంటే డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే వినియోగ ధ్రువపత్రం. కంపెనీ తొందరకి కారణం ఉంది. ఇచ్చిన డబ్బు అనుకున్న పనికే ఖర్చయిందని వాళ్ల ఆర్థిక విభాగం అధిపతి (సీఎఫ్‌ఓ) ధ్రువీకరించాలి. కొనసాగే ప్రాజెక్టులో మిగిలిన డబ్బును ఏడాది ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేయాలి. కొనసాగే ప్రాజెక్టు కాకపోతే ఆరు నెలల్లో చట్టం చెప్పిన నిధికి పంపాలి.

ఫీల్డు స్టాఫ్‌కి ఇచ్చిన అడ్వాన్సు ఖర్చు కాదు. వెండర్‌కి ఇచ్చిన ఆర్డరూ ఖర్చు కాదు. ఆ రెండూ కలిపి యూసీ ఇచ్చేస్తే జూన్‌లో ఆడిట్ అంకె వేరేగా వచ్చి, ఆ తేడాకి జవాబు దొరకదు. ఫిబ్రవరి చివరి వారంలోనే వీడియో కాల్ పెట్టి అడ్వాన్సుల జాబితా చదివించండి, మార్చి 20కల్లా బిల్లులతో సెటిల్ చేయించండి. ఆ తర్వాత ఖర్చైనది ఒక వరుస, చెల్లించాల్సినది ఒక వరుస, చేతిలో మిగిలింది ఒక వరుసగా యూసీ ఇవ్వండి. కంపెనీ ఒత్తిడి చేస్తే ఇది కొనసాగే ప్రాజెక్టుగా వాళ్ల బోర్డు ఆమోదించిందా అని అడగండి. సగం వాదన అక్కడే ముగుస్తుంది.

విదేశీ డబ్బు ఖాతాలోంచి పేమెంట్ కదలట్లేదు

ముందు చెకర్‌ని, అంటే ఆన్‌లైన్ బ్యాంకింగ్‌లో పేమెంట్‌ని ఆమోదించే వ్యక్తిని, అడగండి. మేకర్ (పేమెంట్ వివరాలు ఎక్కించేవారు) ఎంట్రీ చేశాక ఆమోదించాల్సిన వ్యక్తి ఫోన్‌కి సిగ్నల్ లేని చోట ఉండొచ్చు. ఆమోదించే అధికారం కనీసం ఇద్దరికి, వేర్వేరు చోట్ల ఉండేవారికి ఇప్పించాలి. పేమెంట్ ఇంకో సంస్థకైతే అసలు పంపకూడదు: ఎఫ్‌సీఆర్‌ఏకి 2020లో చేసిన సవరణ తర్వాత విదేశీ విరాళాన్ని మరో సంస్థకి బదిలీ చేయడం కుదరదు. పరిపాలనా ఖర్చు పరిమితి కూడా అప్పుడే 50 నుంచి 20 శాతానికి తగ్గింది. విదేశీ డబ్బు ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి, అక్కడినుంచి మన ఊరి బ్యాంకులోని యుటిలైజేషన్ (ఖర్చుపెట్టే) ఖాతాకి తెచ్చుకోవచ్చు. ఈ ఖాతాల్లో స్థానిక విరాళం ఒక్క రూపాయి కూడా పడనివ్వకండి, అందుకే ఆ నంబర్లు మీ వెబ్‌సైట్ డొనేట్ పేజీలో ఉన్నాయేమో ఒకసారి చూడండి.

కరెంటు పోతే రౌటర్ యూపీఎస్ ఉన్నా నెట్ రాదు

అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గరి పెట్టెలోంచి లాన్ వైరుగా వచ్చే కనెక్షన్ అయితే ఆ పెట్టెకీ కరెంటు కావాలి. దాన్ని జనరేటర్ లైనుకి కలపమని అసోసియేషన్‌ని అడగండి. ఫైబర్ నేరుగా ఇంట్లోకి వస్తే రౌటర్‌కీ, ఫైబర్ వైరు వచ్చి కలిసే ఓఎన్‌టీ పెట్టెకీ రెండింటికీ యూపీఎస్ ఉండాలి. ఓఎన్‌టీ పెట్టె మీద ఎర్ర లైటు వెలిగితే ఫైబర్ తెగినట్టు, రీస్టార్ట్ చేస్తూ కూర్చోకుండా ఫోన్ హాట్‌స్పాట్‌కి మారిపోండి. ఆ ఫోన్ సిమ్ మీ ఇంటి నెట్ కంపెనీది కాకుండా ఉంటే మంచిది.

ఉద్యోగి మానేశాక ఫైళ్లు తెరుచుకోవట్లేదు

అవి ఆ వ్యక్తి సొంత జీమెయిల్‌లో ఉన్నాయి. ఇంకా మాట్లాడుకుంటున్నప్పుడే ఓనర్‌షిప్ మార్పించుకోండి, లేదా ఫోల్డర్ మొత్తం డౌన్‌లోడ్ చేసి పంపమనండి. రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థలకి గూగుల్ వర్క్‌స్పేస్ ఉచితంగా ఇస్తోంది. సంస్థ డొమైన్ మీద ఖాతాలు తెరిచి, డోనర్ పోర్టల్ లాగిన్లు కూడా గ్రాంట్స్ అనే ఉమ్మడి చిరునామాకి మార్చాలి. ఓటీపీ వెళ్లే ఫోన్ నంబరు సంస్థ పేరున తీసుకున్న సిమ్‌దై ఉండాలి. ఆ సిమ్ ఎవరి దగ్గరుందో రిజిస్టర్‌లో రాసి, చేతులు మారిన ప్రతిసారీ సంతకం తీసుకోండి.