21 దాటాక డ్రమ్ కోర్‌లో చేరాలంటే

అమెరికాలో మైదానంలో నడుస్తూ వాయించే డ్రమ్ కోర్‌లో 21 దాటాక చేరొచ్చా అని అందరూ అడుగుతారు, దానికి ముందే జవాబు చెప్పేస్తాను. 31 అయినా 38 అయినా 46 అయినా చేరొచ్చు. కాకపోతే యూట్యూబ్‌లో చూసి మీరు నోరెళ్లబెట్టారే, ఆ కోర్‌లో కాదు.

నాది పటమట. స్కూల్లో ఆగస్టు 15కి సైడ్ డ్రమ్ కొట్టేవాణ్ణి, ఆ తర్వాత ఇంజినీరింగూ ఉద్యోగమూ వచ్చి కర్రలు అటకెక్కాయి. అమెరికాలో న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు, 34 ఏళ్లొచ్చాక, మళ్లీ దించి అక్కడ పెద్దవాళ్లు కూడా చేరగలిగే ఆల్ ఏజ్ కోర్ ఒకదాంట్లో రెండు సీజన్లు చేశాను. ఇప్పుడు మళ్లీ బెజవాడలోనే ఉన్నాను. ఇక్కడి నుంచీ గుంటూరు నుంచీ ఎమ్మెస్‌కి వెళ్లే పిల్లలు, ఉద్యోగాలకి వెళ్లే మనలాంటివాళ్లు ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతుంటే ఒకచోట రాసి పెడదామనిపించింది.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. రిపబ్లిక్ డేకి మన ఇందిరాగాంధీ స్టేడియంలో పోలీసు బ్యాండు వరుసగా నడుస్తూ వాయించడం చూసే ఉంటారు. డ్రమ్ కోర్‌లో ఆ నడక తిన్నగా వెళ్లదు. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానమంతా పరుచుకుని, పది పన్నెండు నిమిషాల పాటు, వాయిస్తూనే వరుసలు చక్రాలవుతాయి, చక్రాలు విడిపోయి ఏటవాలు గీతలవుతాయి. ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, జెండాలు ఎగరేసి పట్టుకునే కలర్ గార్డ్, ఇంతే. క్లారినెట్, శాక్సఫోన్ ఉండవు, కాబట్టి శాక్సఫోన్ నేర్చుకున్నవాళ్లు వేరే వాద్యం చూసుకోవాల్సిందే.

మీరు వీడియోల్లో చూసేవి ఎక్కువగా డీసీఐ కోర్‌లు, అంటే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్. 1972లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్‌లో వాళ్ల మొదటి ఛాంపియన్‌షిప్ జరిగింది. ఆ కోర్‌లలో 21 దాటితే ప్రవేశం లేదు, ఎంత బాగా వాయించినా సరే. మన పిల్లలు బీటెక్ ముగించి విమానం ఎక్కేసరికే 22 వస్తుంది, ఇంక ఆ తలుపు మూసుకున్నట్టే. అయితే ఈ ఆట మొదలైందే పెద్దవాళ్లతో. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఇంటికొచ్చిన సైనికులు తమ సంఘాల తరఫున డ్రమ్ములూ బ్యూగిళ్లూ పట్టుకుని పోటీలు పడేవాళ్లు. ఆ దారి ఆగిపోలేదు. 1960ల నుంచీ పెద్దవాళ్ల కోర్‌లకి డీసీఏ (డ్రమ్ కోర్ అసోసియేట్స్) అనే సంస్థ విడిగా పోటీలు నడిపింది, ఇప్పుడు అది కూడా డీసీఐ గొడుగు కిందికే వచ్చి ఆల్ ఏజ్ అనే విభాగంగా నడుస్తోంది. న్యూజెర్సీలో హాథోర్న్ కాబలెరోస్, బుష్‌వ్యాకర్స్, పెన్సిల్వేనియాలో రెడింగ్ బకనీర్స్ ఈ పెద్దవాళ్ల కోర్‌లలో పేరున్నవి. తెలుగువాళ్లు కిక్కిరిసి ఉండే ప్రాంతంలోనే ఇవి ఉన్నాయి, మనకే తెలియదు.

ఇంక అసలు పనిలోకి వద్దాం.

మొదట మీకు ఏ చోటు సరిపోతుందో తేల్చుకోండి. స్కూల్లో సైడ్ డ్రమ్ కొట్టినవాళ్లందరూ స్నేర్ కావాలంటారు, నేనూ అలాగే అన్నాను. వాళ్లు నన్ను ఐదు నిమిషాలు విని నవ్వుతూ బాస్ డ్రమ్ వైపు పంపారు. మనం పెళ్లి బ్యాండుల్లో చూసే పెద్ద డ్రమ్ము పని వేరు, ఇక్కడి పని వేరు. బాస్ లైన్‌లో సాధారణంగా ఐదు డ్రమ్ములుంటాయి, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా, ఒక్కోదానికి ఒక్కో శ్రుతి. ఒక్కరే ఐదూ కొట్టరు, ఐదుగురు తలా ఒక దెబ్బ పంచుకుంటారు. మృదంగం తెలిసినవాళ్లకి ఇలా చెప్తే వెంటనే ఎక్కుతుంది: ‘తదిగిణతొం’ అని ఒక్కరే చెప్పకుండా, ఒకడు ‘త’, పక్కవాడు ‘ది’, ఆ పక్కవాడు ‘గి’ అని మాత్రమే అంటూ, వింటున్నవాళ్లకి మాత్రం ఒకే నోటి నుంచి వచ్చినట్టుండాలి. అదీ మామూలు వేగంలో కాదు, సెకనుకి ఎనిమిది పది అక్షరాలు దొర్లిపోతుంటాయి. నేను నాలుగో డ్రమ్ము, అంటే రెండేళ్ల పాటు నేను ‘ణ’ని.

కీబోర్డు, వయొలిన్ లాంటివి నేర్చుకుని స్వరాలు చదవగలిగినవాళ్లయితే మైదానం ముందు నిలబడి మరింబా, వైబ్రఫోన్ (చెక్క, లోహపు పలకల మీద కర్రలతో కొట్టే వాద్యాలు) వాయించే విభాగం చూడండి, వాళ్లకి నడక ఉండదు, మోకాళ్లు అరిగినవాళ్లకి అది వరం. మృదంగం, తబలా వాళ్లకి లెక్క గట్టిగానే ఉంటుంది గానీ కర్ర పట్టు కొత్తగా నేర్చుకోవాలి, వేళ్లతో చేసే పనులన్నీ మణికట్టుకి బదిలీ చేయాలి. అన్నిటికన్నా నాకు ఆశ్చర్యం వేసింది కలర్ గార్డ్ విషయంలో. మన కోలాటం ఆడే ఆడవాళ్లని చూడండి, కర్ర తగిలిస్తూ, పక్కమనిషిని దాటుకుంటూ, జడకోలాటంలో తాడు అల్లుతూ, మళ్లీ అదే క్రమంలో విప్పుతూ తమ స్థానానికి వచ్చేస్తారు. సగం చదువు వాళ్లకి అప్పటికే వచ్చేసినట్టే. ఎన్‌సీసీలో రైఫిల్ డ్రిల్ చేసినవాళ్లకీ అంతే, గార్డ్‌లో చెక్క రైఫిళ్లు గాల్లో తిప్పే పని ఉంటుంది.

తర్వాత ఇంట్లో సాధన. అపార్ట్‌మెంట్లో డ్రమ్ము కొడితే సాయంత్రానికి అసోసియేషన్ ప్రెసిడెంటు తలుపు కొడతాడు, కాబట్టి ప్యాడ్ కావాలి. కొత్తది కొనక్కర్లేదు. ఆటోనగర్ వెళ్లి టైర్లు రీట్రేడ్ చేసే ఏ షెడ్డులోనైనా అడిగితే రబ్బరు ముక్క ఇస్తారు, అడుగు చదరం ప్లైవుడ్ ముక్క మీద దాన్ని ఫెవికాల్ ఎస్ఆర్‌తో అంటించి ఒక రాత్రి బరువు పెట్టి వదిలేయండి. నా ప్యాడ్ అదే, ఇప్పటికీ వాడుతున్నాను. కర్రలు మాత్రం మార్చింగ్‌వి, లావుగా ఉండేవి కొనండి, మామూలు డ్రమ్‌సెట్ కర్రలతో అలవాటైతే తర్వాత బరువు చేతికి కొత్తగా ఉంటుంది.

రోజుకి 20 నిమిషాలు చాలు, కానీ రోజూ. ఒక్కో చేత్తో ఎనిమిదేసి దెబ్బలు, తర్వాత పారడిడిల్: కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. ఫోన్‌లో మెట్రొనోమ్ (టిక్కు టిక్కుమని లయ చూపించే యాప్) నిమిషానికి 60 మీద పెట్టి మొదలెట్టండి. విసుగొస్తుంది. 60 మీద తప్పు లేకుండా రెండు నిమిషాలు కొట్టలేనివాడు 120 మీద కొట్టేది సంగీతం కాదు, గోల. ఇలాంటి పాఠాలు రూడిమెంట్స్ పేరుతో మొత్తం 40 ఉన్నాయి. అన్నీ అక్కర్లేదు, సింగిల్ స్ట్రోక్, డబుల్ స్ట్రోక్, పారడిడిల్, ఫ్లామ్ (రెండు కర్రలూ దాదాపు ఒకేసారి పడే దెబ్బ) నాలుగూ బాగుంటే ఆడిషన్‌కి ధైర్యంగా వెళ్లొచ్చు.

రెండో వారం నుంచి నిలబడి, ఉన్నచోటే పాదాలు వేస్తూ కొట్టండి. పెద్దవాళ్లందరూ తేలిపోయేది ఇక్కడే. చేతులు చెప్పినమాట వింటాయి, పాదాలు వినవు, కష్టమైన ముక్క రాగానే కాళ్లు తొందరపడతాయి.

నడకకి ఒక కొలత ఉంది. ఆ మైదానంలో ప్రతి 5 గజాలకీ ఒక గీత ఉంటుంది, గీతకీ గీతకీ మధ్య సరిగ్గా 8 అడుగులు వేయాలి. అంటే ఒక్కో అడుగు 22.5 అంగుళాలు, 57 సెంటీమీటర్లు. మేడ మీద సుద్దముక్కతో 15 అడుగుల (అంటే 5 గజాల) దూరానికొక గీత గీసుకోండి, మామూలు డాబా మీద రెండు మూడు గీతలు పడతాయి. ముందు మడమ, తర్వాత పాదం మెల్లగా దొర్లుతూ ఆనాలి. వెనక్కి నడిచేటప్పుడు మునివేళ్ల మీద. నడుము పైభాగం కదలకూడదు. ఎలాగంటే, కృష్ణ ఒడ్డున నెత్తిన బిందె పెట్టుకుని గట్టు ఎక్కే ఆడవాళ్లని చిన్నప్పుడు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, కింద కాళ్లు పరుగెడుతున్నా బిందెలో నీళ్లు తొణకవు. నేను స్టీలు గ్లాసు నిండా మజ్జిగ పోసుకుని పట్టుకు నడిచేవాణ్ణి, మొదటి వారమంతా మా డాబా మజ్జిగ తాగింది.

బరువు సంగతి. భుజాలకి తగిలించుకునే హార్నెస్‌తో కలిపి స్నేర్ పది కిలోల దాకా ఉంటుంది, నాలుగైదు డ్రమ్ములు కలిసి ఉండే టెనార్లు ఇంకా ఎక్కువ. స్కూలు బ్యాగు ముందువైపు తగిలించుకుని, మొదటి వారం 3 కిలోల బియ్యంతో మొదలెట్టి, రెండు నెలల్లో 10 కిలోలకి వెళ్లండి. నడుం వంచి వెనక్కి వాలిపోతున్నారంటే బరువు ఎక్కువైందని అర్థం. 40 దాటితే ముందు ఒకసారి డాక్టర్ని కలవండి, బీపీ మందులు వాడేవాళ్లు తప్పకుండా. ఎండ మనకి కొత్తేమిటి, రోహిణీ కార్తె చూసినవాళ్లం అని నేనూ అనుకున్నాను. రోహిణీ కార్తెలో మనం ఫ్యాన్ కింద పడుకుంటాం, తారు వేసిన పార్కింగ్ స్థలంలో పది గంటలు డ్రమ్ము మోయం. మొదటి ఆదివారమే కళ్లు తిరిగి కూర్చున్నాను. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు, మధ్యలో ఓఆర్ఎస్. ఇంకొకటి, చెవులు. 85 డెసిబెళ్ల శబ్దాన్ని చెవి రోజుకి 8 గంటలు ఓర్చుకుంటుందని లెక్క, అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెళ్లకీ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గరికొచ్చేసరికి పావుగంటే మిగులుతుంది. డ్రమ్ లైన్ మధ్యలో నిలబడితే 100 సులువుగా దాటుతుంది. ప్లగ్గులు లేకుండా ఒక్కరోజు కూడా వద్దు.

ఆడిషన్లు చలికాలంలో మొదలవుతాయి. ముందే పాఠాల కాగితాలు పంపిస్తారు, వీడియో అడిగేవాళ్లూ ఉన్నారు. టెన్షన్ పడకండి, ఆల్ ఏజ్ కోర్‌లకి మనుషులు కావాలి, తరిమేయడానికి కూర్చోరు. మనవాళ్లకి ఒక్క అలవాటు మాత్రం మానుకోమని చెప్తాను: తప్పు చూపించగానే ‘అంటే సార్, అదేంటంటే...’ అని మొదలెట్టడం. వాళ్లు చూసేది మీరు తప్పు చేశారా లేదా అని కాదు, చెప్పిన తర్వాత రెండోసారి మారిందా అని. సరే అనండి, మళ్లీ కొట్టండి.

ఫీజు మనమే కడతాం, వాళ్లు మనకేమీ ఇవ్వరు. వేసవంతా బస్సుల్లో తిరిగే కుర్రాళ్ల కోర్‌లకి సీజన్‌కి కొన్ని వేల డాలర్లవుతాయి, పెద్దవాళ్లవి అంతకన్నా బాగా తక్కువ, ఎందుకంటే వీళ్లు వారాంతాల్లోనే కలుస్తారు. పెట్రోలూ హోటలూ బూట్లూ మాత్రం లెక్కలో వేసుకోండి. తిండికి పులిహోర. శనివారం పొద్దున చేసింది ఆదివారం మధ్యాహ్నానికి ఇంకా రుచిగా ఉంటుంది, మా లైన్‌లో మిగతా నలుగురూ నా డబ్బా కోసమే నాతో స్నేహం చేశారని నా అనుమానం.

వీటన్నిటికన్నా ఖరీదైనది ఆదివారం. చలికాలంలో నెలకొక క్యాంపు, వసంతం వచ్చేసరికి దాదాపు ప్రతి వారం. మనవాళ్ల గృహప్రవేశాలు, సీమంతాలు, పుట్టినరోజులు, తెలుగు సంఘం ఉగాది, అన్నీ అదే శనాదివారాల్లో. చేరేముందు ఇంట్లో కూర్చుని క్యాలెండర్ ముందేసుకుని మాట్లాడుకోండి, నేను మాట్లాడలేదు. మే నెలలో మా పెద్దమ్మ కొడుకు గృహప్రవేశం అని ఒక క్యాంపు ఎగ్గొట్టాను. సోమవారం వాళ్లు రిహార్సల్ రికార్డింగు పంపారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. వింటే ‘తదిగి-తొం’, ‘తదిగి-తొం’, షో మొత్తం అదే, నా అక్షరం ఉండాల్సినచోట ప్రతిసారీ ఒక గొయ్యి. స్నేర్ లైన్‌లో ఒకరు రాకపోతే శబ్దం తగ్గుతుందంతే, బాస్‌లో రాకపోతే మాటే విరిగిపోతుంది. ఆదివారాలు గ్యారంటీ ఇవ్వలేనివాళ్లు సింబల్సో (పెద్ద ఇత్తడి తాళాలు) స్నేరో అడగండి, బాస్ అడక్కండి, నేను ఇంత మొహమాటం లేకుండా చెప్పడానికి కారణం ఆ రికార్డింగే.

జడ్జిలు చూసేదీ అదే. 100 మార్కుల్లో మొత్తం మీద షో ఎలా ఉందన్నదానికి 40, కంటికి కనిపించేదానికి 30, సంగీతానికి 30. ఒక్కడు అద్భుతంగా వాయిస్తే విడిగా మార్కులుండవు, అందరిలోంచి వాడొక్కడే వినిపిస్తే తగ్గుతాయి.

అమెరికా వెళ్లే ఆలోచన లేనివాళ్లు కూడా ఇది చేయొచ్చు, ఐదుగురు చాలు. మేం ఆదివారం పొద్దున ఐదున్నరకి, ఎండెక్కకముందు, గ్రౌండులో సున్నంతో గీతలు గీసుకుని మొదలెడతాం, ఏడున్నరకి ఇడ్లీ బండి దగ్గర తేలతాం. డ్రమ్ములు పాత స్కూలు బ్యాండువి, ఒకేలాంటివైనా చర్మాల బిగింపు మార్చి ఐదు శ్రుతులు తెప్పించాం. ఒకాయన బ్యాంకు ఉద్యోగి, ఒకావిడ గుంటూరు నుంచి తొలి బస్సుకి వచ్చే టీచరు, ఇంకొకాయన పెళ్లి బ్యాండులో 20 ఏళ్లు వాయించిన మాస్టారు. కాగితం చదవరు గానీ ఒకసారి వింటే చాలు ఆయనకి, మా అందరి టెంపో ఆయన చేతిలోనే ఉంటుంది. పోయిన నెలలో ఒకతనికి హైదరాబాద్ బదిలీ అయింది, ప్రస్తుతం ‘గి’ ఖాళీ. వచ్చేవాళ్లు చెవి ప్లగ్గులు తెచ్చుకోండి, అవి మాత్రం ఎవరివి వాళ్లవే.