ఫాగ్ ల్యాంపులు పెట్టిస్తున్నారా? ముందు వైరు, తర్వాత ఫ్యూజు

సాలూరు దాటి సుంకి ఘాటీ మీదుగా కోరాపుట్ వెళ్లే బండ్లకు డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో పొగమంచుతో పనిపడుతూనే ఉంటుంది. అందుకే రాయగడ, కోరాపుట్, జయపురం వైపు బొలేరోలకూ చిన్న కార్లకూ ఫాగ్ ల్యాంపులు పెట్టించుకునేవాళ్లు ఎక్కువ. ల్యాంపు దగ్గర గంటసేపు బేరమాడతారు. వైరు, ఫ్యూజు మాత్రం బిగించేవాడి పెట్టెలో ఏది దొరికితే అది పడుతుంది. వైరింగు నుంచి మంట లేచిందంటే మూలం చాలాసార్లు ఆ పెట్టెలోనే ఉంటుంది.

మొదట ఒక సంగతి తేల్చుకోవాలి. ఫ్యూజు ఉన్నది వైరు కోసం. ల్యాంపు పాడైతే ఇంకోటి కొనుక్కుంటాం. డ్యాష్‌బోర్డు వెనకాల వైరు కాలితే పక్కనున్న వైర్లన్నీ దాంతోపాటే కాలతాయి. కాబట్టి వరస ఇలా ఉండాలి: లోడు, అంటే ల్యాంపులు లాగే కరెంటు, ఎన్ని ఆంపియర్లో లెక్కగట్టాలి, ఆ లోడుకూ దూరానికీ తగిన వైరు తీసుకోవాలి, ఆ వైరు తట్టుకునేంతలో ఫ్యూజు పెట్టాలి. "ఫ్యూజు మాటిమాటికీ పోతోంది, పెద్దది వెయ్యి" అన్న మాట ఈ వరసను తలకిందులు చేస్తుంది.

లెక్క చిన్నదే. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 55 వాట్ల హాలోజన్ బల్బులు రెండు కలిపి 110 వాట్లు, 12తో భాగిస్తే 9.2 ఆంపియర్లు. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా ఉంటుంది, బల్బు ఇంకాస్త లాగుతుంది. అందుకే 10 ఆంపియర్లు అనుకోండి. ఎల్‌ఈడీ బార్ల డబ్బా మీద రాసిన వాట్లను మాత్రం నమ్మొద్దు. 180 వాట్లని రాసి అందులో సగం కూడా లాగనివి బజారులో చాలా ఉన్నాయి. మల్టీమీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చి, లైనుకు వరసలో పెట్టి నిజంగా ఎంత లాగుతోందో చూసుకోవాలి. లోడు 10 ఆంపియర్లు దాటేలా అనిపిస్తే ఆ మీటరుతో కొలవకండి, వైరు తెంపకుండా చుట్టూ పట్టి కొలిచే క్లాంపు మీటరు వాడండి. అదీ డీసీ కొలిచేదే అయ్యుండాలి.

నిరంతరం వెలిగే లోడు ఫ్యూజు రేటింగులో, అంటే దాని మీద రాసిన అంకెలో, ముప్పావు వంతు దాటకూడదు. 10ని 0.75తో భాగిస్తే 13.3. దానికి పైన దొరికేది 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు. ఇప్పుడు వైరు చూడాలి.

బండిలో వైర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కట్టగా, ఇంజను వేడిలో పోతాయి. అందుకని ఇంటి గోడలో వైరుకు చెప్పే లెక్క ఇక్కడ పనికిరాదు. రాగి వైరు 0.75 చదరపు మిల్లీమీటర్లయితే 7.5 ఆంపియర్ల ఫ్యూజు మించొద్దు. 1కి 10, 1.5కి 15, 2.5కి 20, 4కి 30, 6కి 40. ఇవి కొంచెం బిగువుగా వేసిన లెక్కలు, కావాలనే. షాపులో "రెండున్నర వైరు", "ఒకటిన్నర వైరు" అంటే ఇస్తారు. ఫాగ్ ల్యాంపులకు రిలే (స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో ల్యాంపుల పెద్ద కరెంటును కలిపే, ఆపే చిన్న పెట్టె) దాకా రెండున్నర, అక్కడి నుంచి ఒక్కో ల్యాంపుకు ఒకటిన్నర సరిపోతుంది. ఒక ఫ్యూజు వెనక రెండు మూడు మందాల వైర్లు ఉంటే ఫ్యూజును తేల్చేది అన్నిటికన్నా సన్నది. ఇక్కడ సన్నది ఒకటిన్నర కాబట్టి 15 దాటకూడదు.

పెద్ద ఫ్యూజు వేస్తే ఏమవుతుందో అంకెల్లో చూడండి. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు మీటరుకు సుమారు 0.0175 ఓమ్‌ల నిరోధం చూపిస్తుంది. 9 ఆంపియర్లు పోతుంటే మీటరుకు 1.4 వాట్ల వేడి పుడుతుంది, అది గాలికి చల్లారిపోతుంది. అదే వైరు మీద 30 ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజు పెట్టారనుకోండి. కోతల కాలంలో పొలం పక్కన ఆపిన బండిలోకి ఎలుక దూరి వైరు కొరికింది. తడి తగిలి సగం షార్ట్ అయ్యి 25 ఆంపియర్లు పోతున్నాయి. ఫ్యూజుకు అది మామూలు లోడే, కదలదు. వైరులో మాత్రం మీటరుకు 11 వాట్ల వేడి, మామూలు కంటే ఎనిమిది రెట్లు. కట్ట మధ్యలో ఆ వేడికి పోయే దారి లేదు. పీవీసీ మెత్తబడుతుంది, పక్క వైరుకు అంటుకుంటుంది, అప్పుడు పూర్తి షార్ట్. ఇంత జరిగాక ఫ్యూజు పోయినా ఏం లాభం?

ఫ్యూజు మీద రాసిన అంకె దాటగానే అది ఠక్కున తెగిపోదు, ఇది చాలామందికి తెలియని విషయం. మామూలు బ్లేడు ఫ్యూజు రేటింగుకు 10 శాతం ఎక్కువ పోతున్నా 100 గంటలు నిలబడేలా చేస్తారు. 35 శాతం ఎక్కువైతే తెగడానికి పది నిమిషాల దాకా పట్టొచ్చు. రెట్టింపైతే 5 సెకన్లలోపు పోతుంది. బల్బు వెలిగిన క్షణంలో చల్లటి ఫిలమెంటు ఎన్నో రెట్లు లాగినా ఫ్యూజు తట్టుకునేది ఈ ఓపిక వల్లే. ఆ పది నిమిషాలూ వేడిని మోయాల్సింది వైరు కాబట్టి వైరుకు ఎప్పుడూ మిగులు ఉండాలి.

రంగులు గుర్తుంచుకుంటే చీకట్లో కూడా పని అవుతుంది: లేత గోధుమ 5, ముదురు గోధుమ 7.5, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, రంగులేనిది 25, ఆకుపచ్చ 30. సైజుల్లో మామూలు బ్లేడు వెడల్పు దాదాపు 19 మిల్లీమీటర్లు, మినీది 11. రంగులు రెండిటికీ ఒకటే. చెక్కపెట్టెలో గుత్తగా అమ్మే పేరులేని ఫ్యూజులు కొనకండి. కాళ్లకు అయస్కాంతం పెట్టి చూడండి. మంచి ఫ్యూజుల కాళ్లు జింకు మిశ్రమంతో చేస్తారు, అయస్కాంతం అంటదు. అంటుకుందంటే అది ఇనుము, పారేయండి. గాజు గొట్టం ఫ్యూజు, స్ప్రింగు హోల్డరు కూడా వద్దు. ఘాటీ కుదుపులకు స్ప్రింగు వదులవుతుంది, వానాకాలం తుప్పు పడుతుంది, హోల్డరే కరుగుతుంది. రబ్బరు మూత ఉన్న బ్లేడు హోల్డరు తీసుకుని, దాని తోక వైరు మందం కూడా చూడండి. 30 ఆంపియర్లని రాసిన హోల్డరుకు సన్నటి తోక వేసి అమ్ముతున్నారు.

వైరు కొనేటప్పుడు బయటి లావు చూసి మోసపోవద్దు. పైపూత మందంగా పోసి లోపల నాలుగు పోగులు పెట్టినవి ఉంటాయి. ఒక మూల ఒలిచి పోగులు లెక్కపెట్టండి: 0.25 మిల్లీమీటర్ల పోగులు 50 ఉంటే రెండున్నర, 30 ఉంటే ఒకటిన్నర. పోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా ఉంటే అల్యూమినియం మీద రాగి పూత. అది కరెంటును రాగిలో మూడింట రెండొంతులే మోస్తుంది, వంచితే విరుగుతుంది. పైన తెల్లగా ఉండి గీకితే ఎర్రగా కనిపించేది తగరం పూసిన రాగి. బరంపురం, గోపాల్‌పూర్ ఉప్పుగాలికి అదే మంచిది, ధర ఎక్కువైనా సరే. జయపురం షాపుల్లో ఒడియాలో అడగాల్సి వస్తే "తంబా తార" అనండి, రాగి తీగ అని అర్థం. ఇంట్లో వాడే వైరు రాగి మంచిదే అయినా దాని పీవీసీ 70 డిగ్రీలకే చేసింది. బానెట్ కింద 105 డిగ్రీలని ముద్ర ఉన్న ఆటో వైరే కావాలి.

దూరం సంగతి కూడా ఉంది. రిలే లేకుండా, బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డు స్విచ్‌కు, అక్కడి నుంచి ముందున్న ల్యాంపుకు సన్నటి వైరు లాగితే దారి 6 మీటర్లవుతుంది. 1 చదరపు మిల్లీమీటరు వైరులో 10 ఆంపియర్లకు ఆ దారిలో 1.05 వోల్టులు పోతాయి. హాలోజన్ బల్బుకు 13 బదులు 12 వోల్టులు అందితే వెలుగులో దాదాపు పావు వంతు తగ్గుతుంది. ల్యాంపు మంచిది కాదని తిట్టుకుంటారు గానీ తినేసింది వైరు. రిలే పెట్టి, రెండున్నర వైరుతో రెండున్నర మీటర్లలో ముగిస్తే పోయేది 0.18 వోల్టే. పైగా స్విచ్ గుండా 10 ఆంపియర్లు పోకపోతే స్విచ్ కరగదు.

ఇక బిగింపు. 10 నంబరు స్పానరుతో బ్యాటరీ నెగెటివ్ ముందు తీసేయాలి. పాజిటివ్ నుంచి వచ్చే వైరుకు ఫ్యూజు హోల్డరు జానెడు దూరంలోపే పెట్టాలి, ఎందుకంటే బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్యనున్న ముక్కకు కాపలా ఎవరూ లేరు. ఫ్యూజును రిలే పక్కన అందంగా పెట్టి, బ్యాటరీ నుంచి అక్కడి దాకా మీటరు పొడవు వైరు ఊరికే వదిలేసే పని తరచూ కనిపిస్తుంది. ఆ వైరు బానెట్ అంచుకు ఒరిసి తెగితే బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది.

12 వోల్టుల రిలేలో 30వ కాలికి ఫ్యూజు నుంచి వైరు, 87కు ల్యాంపులు, 85కు బాడీ ఎర్తు (బండి ఇనుప బాడీకి బిగించే నెగెటివ్ వైరు), 86కు స్విచ్ వైరు. ఐదు కాళ్ల రిలే అయితే మధ్యలో ఉండే 87ఎ వదిలేయండి, దానికి కలిపితే స్విచ్ ఆపినప్పుడు ల్యాంపులు వెలుగుతాయి. రిలే కాయిలు లాగేది ఆంపియరులో ఐదో వంతు కూడా ఉండదు కాబట్టి స్విచ్ లైనుకు 0.75 వైరు, 5 ఆంపియర్ల విడి ఫ్యూజు. ఆ కరెంటు పార్కింగు ల్యాంపు ఫ్యూజు నుంచి ఫ్యూజు ట్యాపుతో (ఫ్యూజు చోట గుచ్చి ఇంకో లైను తీసుకునే ముక్క) తీసుకుంటే బండి ఆపాక ఫాగ్ ల్యాంపులు మరిచిపోయి వదిలేసే బాధ ఉండదు. కంపెనీ వైరును కత్తిరించి మెలిపెట్టడం, నీలం రంగు కొరుకుడు క్లిప్పులు బిగించడం రెండూ తప్పే. ఆ క్లిప్పు కొన్ని పోగులను తెంపుతుంది, తర్వాత నీరు చేరుతుంది. వారంటీ మీద మాట పడేదీ అక్కడే.

ల్యాంపులు మిణుకుమంటే ఏ బండిలోనైనా మొదట చూడాల్సింది ఎర్తు. బాడీ బోల్టు విప్పి, ఆ చుట్టూ రూపాయి బిళ్లంత మేర గరుకు కాగితంతో పెయింటు తీయండి. ఇనుము మెరిసేదాకా తీయాలి, బూడిదరంగు ప్రైమరు మిగిలినా కరెంటుకు అడ్డమే. తగరం పూసిన థింబుల్ (వైరు కొసకు నొక్కి, బోల్టుకు తగిలించే రింగు) పెట్టి, పళ్లున్న వాషరు వేసి బిగించాక పైన పలచగా వాసెలిన్ రాయండి. కొత్త బండ్లలో నెగెటివ్ క్లాంపు మీద చిన్న సెన్సరు ఉంటుంది. అలాంటప్పుడు అదనపు ఎర్తు నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కు కలపకూడదు, బాడీకే ఇవ్వాలి. లేకపోతే బ్యాటరీ లెక్క కంప్యూటరుకు తప్పుగా అందుతుంది.

థింబుల్‌ను మామూలు కటింగ్ ప్లేయరుతో నొక్కితే పట్టు నిలవదు. క్రింపింగ్ ప్లేయరుతో నొక్కి, వైరు పట్టుకుని గట్టిగా లాగి చూడండి. ఊడితే ఇంట్లోనే ఊడిపోనివ్వండి. టంకం వేసిన చోట వైరు బిరుసుగా మారి, టంకం ఆగిన గీత దగ్గరే కుదుపులకు విరుగుతుంది. వేస్తే ఆ చోటును బిగించి కట్టేయాలి. పైన హీట్ ష్రింక్ గొట్టం, లోపల జిగురున్న రకం. నల్ల టేపు బానెట్ వేడికి జారిపోతుంది. వైరును ముడతల గొట్టంలో దూర్చి, సైలెన్సరు మేనిఫోల్డుకు దూరంగా, జానకొక టై వేస్తూ తీసుకెళ్లాలి. ఇంజను గోడలో రంధ్రం ఉన్న ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి.

పాటల సిస్టం ఆంప్లిఫయరుకు కూడా లెక్క ఇదే, అంకెలు పెద్దవి. దాని మీదున్న ఫ్యూజులు కలిపితే 60 ఆంపియర్లయితే డిక్కీ దాకా 16 చదరపు మిల్లీమీటర్ల రాగి, బ్యాటరీ పక్కన 60 ఫ్యూజు.

అంతా అయ్యాక ల్యాంపులు వేసి, ఇంజను నడుస్తుండగా మల్టీమీటరు ఒక మొన బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది ల్యాంపు పాజిటివ్ కాలి మీద పెట్టండి. 0.4 వోల్టులు దాటితే ఏదో కలయిక వదులుగా ఉంది. ఎర్తు వైపు అలాగే కొలిస్తే 0.2 లోపు ఉండాలి. పావుగంట వెలిగించి హోల్డరును, రిలే కాళ్లను చేత్తో ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి పెట్టలేకపోతే ఆ కలయిక మళ్లీ చేయాలి.

నీలం ఫ్యూజులు రెండు, లేత గోధుమవి రెండు బండిలో ఉంచుకోండి. ఘాటీ మధ్యలో ఫ్యూజు పోతే అదే రంగుది ఒకసారి వేయండి. రెండోది కూడా పోయిందంటే ఎక్కడో వైరు ఒరుసుకుంది. సిగరెట్ పెట్టె రేకు, వైరు పోగు చుట్టి నడిపించకండి. ఫాగ్ ల్యాంపుల హోల్డరు ఖాళీగా వదిలేసి, లో బీము వేసుకుని నెమ్మదిగా దిగి, పగలు వెలుతురులో వైరు పొడవునా వెతకండి. మొదట చూడాల్సింది బంపరు వెనక, రేడియేటరు పట్టీ అంచు దగ్గర.