బ్రేకు నొక్కినప్పుడే స్టీరింగు వణుకుతుంటే

కోరాపుట్ నుంచి సుంకి ఘాటు మీదుగా సాలూరు దిగే మన తెలుగువారిలో చాలామంది, స్టీరింగు వణకగానే వీల్ బ్యాలెన్సింగు చేయిస్తారు. బ్రేకు వేయకుండానే 80 కిలోమీటర్ల వేగం దాటాక వణికితే అది సరైన పనే. కానీ బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే వణుకుతూ, పెడలు కూడా పాదం కింద కొట్టుకుంటుంటే, లోపం సాధారణంగా ముందు చక్రాల డిస్కులలో (బ్రేకు ప్యాడ్లు రెండు పక్కల నుంచి నొక్కి ఆపే ఇనుప పళ్లాలలో) ఉంటుంది. వణుకు సీటు కింద తెలిస్తే వెనుక బ్రేకులను చూడాలి.

కొత్త డిస్కులు కొనేముందు, డిస్కు విప్పించి, అది ఆనుకునే హబ్బు (చక్రాన్ని బిగించే మధ్యభాగం) ముఖాన్ని వైరు బ్రష్షుతో శుభ్రంగా రుద్దించండి. నా కారుకు అక్కడ గోరు గీస్తే రాలేటంత పలుచని తుప్పు పొర ఉండేది. అది పోగానే వణుకు చాలావరకు తగ్గింది. తరువాత డయల్ గేజితో (అతిచిన్న కదలికను కొలిచే పరికరంతో) చూసినప్పుడు, తిరిగే డిస్కు పక్కలకు ఊగే ఊగిసలాట చాలా కార్లలో సుమారు 0.05 మిల్లీమీటర్లకు మించకూడదు. డిస్కు మీద ముద్రించిన కనీస మందం మిగిలేలా ఉంటేనే లేతు పట్టించాలి (యంత్రం మీద డిస్కు ముఖాన్ని చదును చేయించాలి), లేకపోతే ఎడమ, కుడి డిస్కులు రెండూ కలిపి మార్చాలి. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ పిన్నులు బిగుసుకున్నాయేమో కూడా చూడండి. చక్రం నట్లను వరుసగా కాక ఎదురెదురుగా, టార్కు రెంచితో (ఎంత బలంతో బిగించామో చూపే రెంచి) బిగించడం తప్పనిసరి.

ఘాటు దిగేటప్పుడు రెండు, మూడు గేర్లలోనే రండి. దిగిన వెంటనే కారు ఆపి పెడలును గట్టిగా నొక్కి ఉంచితే, కాలిన ప్యాడు పదార్థం డిస్కు మీద ఒకేచోట అంటుకుని వణుకు మళ్లీ మొదలవుతుంది.