టైల్స్ సందులు నల్లబడ్డాయా? యాసిడ్ పక్కన పెట్టి ఇలా చేయండి

బాత్రూమ్ టైల్స్ మధ్య సందులు నల్లబడగానే చాలా ఇళ్లలో యాసిడ్ సీసా బయటికి వస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. సందుల్లో ఉండేది వైట్ సిమెంటో, సిమెంట్ గ్రౌటో (గ్రౌట్ అంటే సందులు నింపే ముద్ద). నురగ వస్తుంటే మురికి వదులుతోందని అనుకుంటారు, కానీ అక్కడ కరుగుతున్నది సిమెంటే. నాలుగు రోజులు తెల్లగా కనిపిస్తుంది. పైపొర పోయి గరుకుదేలిన సందు ఆ తర్వాత సబ్బు జిడ్డుని ఇంకా ఎక్కువగా పీల్చుకుని, ముందుకంటే త్వరగా నల్లబడుతుంది.

ముందు కడిగి చూడండి. వంట సోడాలో మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి ముద్దలా కలిపి, సందులకు రాసి, పావుగంట తర్వాత గట్టి నైలాన్ బ్రష్‌తో రుద్దండి. ఇనుప బ్రష్ వద్దు. బ్లీచింగ్ వాడేవాళ్లు దాన్ని యాసిడ్‌తోనూ, యాసిడ్ ఉండే టాయిలెట్ క్లీనర్లతోనూ ఎప్పుడూ కలపకండి. విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది.

ఆరాక కూడా నలుపు అలాగే ఉంటే పాత గ్రౌట్ తీసేసి ఎపాక్సీ గ్రౌట్ నింపాల్సిందే. పాతదాని మీదే పల్చగా వైట్ సిమెంట్ పూసి వెళ్లే మేస్త్రీలు ఉన్నారు. పట్టు దొరకదు కాబట్టి అది కొన్నాళ్లకే పెచ్చులుగా లేచిపోతుంది.

గ్రౌట్ గీకే రంపం, రబ్బరు తాపీ, రెండు స్పాంజీలు, రెండు బకెట్లు, చేతి తొడుగులు చాలు. టైల్ మందంలో మూడింట రెండు వంతుల లోతు వరకు గీకి, దుమ్మంతా ఊడ్చి, ఒక రోజంతా చుక్క నీరు పడకుండా ఆరబెట్టండి. రంగు మాత్రం లేత బూడిదే. నేల మీద తెలుపు వేయకూడదు, ఎంత మంచి గ్రౌట్ అయినా.

ఎపాక్సీలో రెసిన్ (జిగురు), హార్డెనర్ (దాన్ని గట్టిపరిచేది), పౌడర్ అని మూడు భాగాలు ఉంటాయి. ప్యాక్ మొత్తం ఒకేసారి కలపడం మంచిది. సగమే కావాలంటే తూకం వేసి కలపండి. కంటి అంచనాతో కలిపితే కొన్నిచోట్ల గట్టిపడక జిగటగా ఉండిపోతుంది. కలిపింది మగ్గులోనే ఉంచితే తన వేడికి తానే త్వరగా బిగుస్తుంది, అందుకే వెంటనే ఒక పలక మీద పరిచేయండి. ఎండాకాలంలో తెల్లవారుజామునే మొదలుపెట్టాలి.

నింపడం ఎవరైనా చేస్తారు. తాపీని ఏటవాలుగా పట్టి సందులోకి నొక్కుకుంటూ పోవడమే. పని చెడేదంతా తుడిచే దగ్గరే.

నేను మొదటిసారి చేసినప్పుడు గదంతా నింపి, ఆ తర్వాత తుడుద్దామని కూర్చున్నాను. అప్పటికే టైల్స్ మీద ఎపాక్సీ పొర బిగిసింది. మర్నాటికి థిన్నర్‌కి కూడా లొంగలేదు. అందుకే ఇప్పుడు పది చదరపు అడుగులు నింపగానే ఆపి, అక్కడ తుడిచాకే ముందుకెళ్తాను. మీరూ అలాగే చేయండి.

స్పాంజి తడిగా ఉండాలి, నీళ్లు కారకూడదు. నీళ్లు ఎక్కువైతే సందులోని గ్రౌట్ పల్చబడి కొట్టుకుపోతుంది. సందు వెంబడి తుడిస్తే స్పాంజి అంచు గుంట చేస్తుంది. టైల్ ఒక మూల నుంచి ఎదురు మూలకు, సందుకి అడ్డంగా, తేలిగ్గా లాగాలి. ఒక్కసారి లాగి స్పాంజి తిప్పండి, రెండోసారి లాగి కడగండి. మొదటి బకెట్లో మురికి వదిలించి, రెండోదాంట్లో ముంచి పిండండి. ఆ రెండో బకెట్ నీళ్లు మసకబారగానే మార్చేయండి. మసక నీళ్లతో తుడిస్తే పొర తీసినట్టు ఉండదు, మళ్లీ పూసినట్టే.

బాత్రూమ్ నేలకు వేసేవి చాలావరకు జారని గరుకు టైల్స్. వాటి గుంటల్లో ఎపాక్సీ దూరితే తీయడం మహా కష్టం. కాబట్టి ముందు తలుపు చాటున ఒక్క సందు నింపి, తుడిచి, మర్నాడు చూసి అప్పుడు మొదలుపెట్టండి. చేతి టార్చ్‌ని నేలకు ఆనించి వెలిగిస్తే కంటికి ఆనని పొర కూడా మెరుస్తూ కనిపిస్తుంది. ఒక విడత తుడిచి, పావుగంట ఆగి, కొత్త స్పాంజితో మరోసారి తుడవాలి. ఈ రెండో విడతని ఎవరూ చేయరు, తర్వాత టైల్స్ మసకగా ఉన్నాయని గ్రౌట్‌ని తిడతారు.

లోపలి మూల నుంచి తలుపు వైపు వస్తూ పూర్తి చేయండి. ఒక రోజు కాలు పెట్టకండి, మూడు రోజులు నీళ్లు పోయకండి. ఇంట్లో రెండో బాత్రూమ్ లేకపోతే స్నానాల సంగతి ముందే పక్కింటివాళ్లతో మాట్లాడి పెట్టుకోండి.